పేరు దుకాణానిది, చెక్కడం ఎవరిది? – 19వ శతాబ్దపు ఫ్రెంచి నగిషీ ఫర్నిచర్‌పై ప్రసంగం

అందరికీ నమస్కారం.

సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లినవాళ్లెవరైనా ఒక బొమ్మ దగ్గర తప్పకుండా ఆగుతారు. ముందు నుంచి చూస్తే ఛాతీ విరుచుకుని నిలబడ్డ మెఫిస్టాఫిలిస్, అంటే ఫౌస్ట్ కథలోని సైతాను. వెనక పెట్టిన అద్దంలోకి చూస్తే తల దించుకుని ఉన్న మార్గరెట్టా, అదే కథలోని అమ్మాయి. రెండూ ఒకే దుంగలో ఉన్నాయి. సైకమోర్ కర్ర. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో చెక్కారు. దాని ముందు మన పిల్లలూ పెద్దలూ ఎన్ని దశాబ్దాలుగా నోరు తెరుచుకుని నిలబడుతున్నారో లెక్కలేదు. కానీ చెక్కిన మనిషి పేరు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

ఇవాళ నేను మాట్లాడబోయేది అలాంటి మనుషుల గురించి, వాళ్లు చెక్కిన ఫర్నిచర్ గురించి. 19వ శతాబ్దపు ఫ్రెంచి ఫర్నిచర్ అనగానే కళా చరిత్ర రాసినవాళ్లు చాలాకాలం పెదవి విరిచారు. కొత్తగా ఏముంది, అంతా పాతవాటికి నకలే కదా అన్నారు. కాసేపు గోథిక్ శైలి, కాసేపు రినైసాన్స్ శైలి, కాసేపు పదిహేనో లూయీ రాజు కాలపు శైలి. ఆకారాల వరకు ఆ మాట నిజమే, నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆకారాన్ని ఒక్క నిమిషం పక్కనపెట్టి చెక్కడం చూడండి అంటాను. బీరువా తలుపు మీదా బల్ల కాళ్ల మీదా ఉలి ఎలా నడిచిందో దగ్గరికెళ్లి చూస్తే, అంతకు ముందు అక్కడ జరగని పని ఒకటి ఆ వందేళ్లలో జరిగిందని తెలుస్తుంది. ఈ గంటలో నేను చెప్పదలుచుకున్నది అంతే.

ముందుగా కాస్త వెనక్కి వెళ్లాలి. 18వ శతాబ్దపు పారిస్‌లో ఫర్నిచర్ చేసే మేస్త్రీలంతా ఒకే గిల్డు, అంటే ఒకే వృత్తిసంఘం కింద ఉన్నా, లోపల రెండు దారులు. మెనుయిజియె అనేవాడు గట్టి కర్రతో పని చేసేవాడు. కుర్చీలు, మంచాలు, తలుపులు, గోడలకు బిగించే పలకలు వాడివి. ఎబెనీస్ట్ అనేవాడు ఖరీదైన కర్రను పల్చటి పొరలుగా కోసి, మామూలు కర్ర మీద అతికి, బీరువాలూ సొరుగుల బల్లలూ చేసేవాడు. చెక్కడం శిల్పుల వంతు, కంచు పోత పోతపనివాళ్ల వంతు, బంగారు పూత పూతపనివాళ్ల వంతు. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెడితే జరిమానా. అందువల్ల ఆ కాలపు నగిషీ ఎక్కువగా కుర్చీల మీద, సోఫాల మీద, అద్దాల చట్రాల మీద కనిపిస్తుంది. బీరువాల మీద అంతగా కనిపించదు. వాటి అందమంతా రంగురంగుల చెక్క పొరల్లో, బంగారు పూత వేసిన కంచు తొడుగుల్లో ఉండేది.

ఇంకొక సంగతి. 1751 నుంచి ప్రతి మేస్త్రీ తాను చేసిన వస్తువు మీద తన పేరు ముద్ర కొట్టి తీరాలి. గిల్డు పెద్దలు వచ్చి తనిఖీ చేసి, నాణ్యత బాగుంటే జే, ఎం, ఇ అనే మూడక్షరాల ముద్ర పక్కన వేసేవాళ్లు. కుర్చీ తిరగేసి చూస్తే ఇప్పటికీ కనిపిస్తాయి. ముద్ర మేస్త్రీది. ఆ కుర్చీ వీపు మీద గులాబీ చెక్కిన వాడికి ముద్ర లేదు. ఈ తేడా గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఈ కట్టుబాట్లు చెల్లని పేట ఒకటుండేది. బాస్తీయ్ కోటకు తూర్పున, ఫోబూర్ సెంట్-ఆంత్వాన్. అక్కడ సన్యాసినుల మఠం ఒకటి ఉంది. పదకొండో లూయీ 1471లో ఆ మఠం భూముల్లో ఉండే చేతివృత్తులవాళ్లకు గిల్డు పెత్తనం నుంచి మినహాయింపు ఇచ్చాడు. దాంతో గిల్డులో చోటు దొరకనివాళ్లు, జర్మనీ వైపు నుంచీ ఫ్లాండర్స్ వైపు నుంచీ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు అక్కడ చేరారు. సందులు, సందుల్లో పొడుగాటి పెరళ్లు, పెరళ్ల చుట్టూ పనిచోట్లు. కింద కర్ర అడితి, పైన వడ్రంగులు, ఆ పైన చెక్కేవాళ్లు. ఆ పెరళ్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. పారిస్ వెళ్లే మిత్రులు ఐఫెల్ టవర్ చూశాక ఒక పూట అటు కూడా వెళ్లండి.

1791లో విప్లవ ప్రభుత్వం రెండు చట్టాలు చేసింది. మార్చిలో వచ్చిన చట్టంతో గిల్డులు రద్దయ్యాయి. ఎవరైనా ఏ పనైనా చేసుకోవచ్చు. జూన్‌లో వచ్చిన రెండో చట్టంతో పనివాళ్లు కూడి సంఘం పెట్టుకోవడం, కూలి పెంచమని కట్టుగా అడగడం నేరమైంది. 19వ శతాబ్దపు ఫర్నిచర్ కథంతా ఈ రెండు చట్టాల మధ్యనే నడిచింది. మొదటి చట్టం వల్ల వడ్రంగి, శిల్పి, పోతపనివాడు, పూతపనివాడు ఒకే కప్పు కిందికి రాగలిగారు. రెండో చట్టం వల్ల ఆ కప్పు కింద వాళ్ల గొంతు లేవలేదు.

మొదటి ఫలితం వెంటనే కనిపించింది. జార్జ్ జకోబ్ అనే మేస్త్రీ 1765లో మెనుయిజియెగా గిల్డులో చేరినవాడు, అంటే కుర్చీల మనిషి. రాజుగారికి, రాణిగారికి కుర్చీలు చేశాడు. 1796లో వ్యాపారం కొడుకులకు అప్పగించాడు. కొడుకులు కుర్చీలతో ఆగలేదు. బీరువాలు, మంచాలు, బల్లలు, కంచు తొడుగులు, అన్నీ ఒకేచోట మొదలుపెట్టారు. చిన్నకొడుకు జకోబ్-దెమాల్తెర్ నెపోలియన్ కాలానికల్లా 300 మందికి పైగా పనివాళ్లను పెట్టుకుని రాజభవనాలన్నిటికీ ఫర్నిచర్ చేశాడు. గిల్డు రోజుల్లో ఇది ఊహకందే విషయం కాదు. అయితే ఆయన 1813లో దివాలా తీశాడు కూడా. అంత పెద్ద పని ఒకే ఒక్క పెద్ద ఖాతాదారు మీద ఆధారపడితే జరిగేది అదే.

నెపోలియన్ కాలపు ఫర్నిచర్‌లో నగిషీ తక్కువే. కరీబియన్ దీవుల వైపు నుంచి వచ్చే నున్నటి మహాగని కర్ర, దాని మీద కంచు. సింహం కాళ్లు, హంస మెడలు ఉంటాయనుకోండి. 1806లో ఇంగ్లండు మీద వాణిజ్య దిగ్బంధం ప్రకటించాక మహాగని రావడం కష్టమై, మేపుల్, యాష్, ఎల్మ్ లాంటి దేశీ కర్రలు వాడకంలోకి వచ్చాయి. లేత రంగు కర్రతో చేసినవి ఆ తర్వాత ఇరవై ఏళ్లు నడిచాయి. చూడటానికి హాయిగా ఉంటాయి గానీ మన విషయానికి అవి దూరం, వదిలేస్తున్నాను.

మన విషయం 1830ల నుంచి మొదలవుతుంది. విప్లవంలో మఠాలు, చర్చిలు, పెద్దింటివాళ్ల కోటలు కొల్లగొట్టాక, పాత చెక్కడపు వస్తువులు పాత సామాన్ల అంగళ్లలోకి వచ్చి పడ్డాయి. అలెగ్జాండ్ర్ ద్యు సోమెరార్ అనే ఉద్యోగి అవన్నీ ఏరుకొచ్చి క్లూనీ అనే పాత భవంతిలో పెట్టుకున్నాడు. ఆయన పోయాక 1843లో ప్రభుత్వం ఆ భవంతినీ సేకరణనూ కొని, మరుసటి ఏడాది మ్యూజియంగా తెరిచింది. ఆ మ్యూజియం చేసిన మేలు చిన్నది కాదు. మూడు వందల ఏళ్ల కిందటి వాల్‌నట్ బీరువాలను ఫోబూర్ పనివాడు మొదటిసారి కళ్లారా చూశాడు. వాల్‌నట్ అంటే మన అక్రోటు కర్ర. అందులో ఆ పాతకాలపు శిల్పులు చెక్కిన స్త్రీమూర్తులు, సింహముఖాలు, తీగలు చూశాడు. ఈ పని మేమూ చేయగలం, ఇంతకంటే సన్నగా చేయగలం అనుకున్నాడు.

చేయించేవాళ్లు కూడా అప్పుడే తయారయ్యారు. వ్యాపారంలో డబ్బు చేసుకున్న కుటుంబాలు. 1853 తర్వాత పారిస్‌ను పడగొట్టి కొత్త వీధులు వేస్తున్న రోజుల్లో వీళ్లు పెద్దపెద్ద అపార్ట్‌మెంట్లలోకి మారారు. భోజనానికి విడిగా ఒక గది. ఆ గదిలో గోడంత ఎత్తు బుఫే, అంటే పింగాణీ, వెండి సామాను పెట్టుకునే బల్లబీరువా. వచ్చిన అతిథి మొదట చూసేది దాన్నే. దాని మీద ఎంత నగిషీ ఉంటే ఆ ఇంటికి అంత గౌరవం.

ఇక 1851కి వద్దాం. లండన్‌లో గాజు భవనంలో ప్రపంచ ప్రదర్శన. ఫ్రాన్సు నుంచి అలెగ్జాండ్ర్-జార్జ్ ఫుర్దినువా ఒక బుఫే పంపాడు. ఈ స్లైడు చూడండి. దీని విషయం భోజనం. అడుగున బరువు మోస్తున్నవి వేటకుక్కలు, చెక్కతో చెక్కినవి. పైన నలుగురు స్త్రీలు, నాలుగు ఖండాలు. ఐరోపా ద్రాక్షసారా తెచ్చింది, ఆసియా టీ తెచ్చింది, ఆఫ్రికా కాఫీ, అమెరికా చెరకు. చుట్టూ పండ్లు, వేటాడిన జంతువులు, తీగలు. అంతా వాల్‌నట్. దీనికి ఆ ప్రదర్శనలో అత్యున్నతమైన కౌన్సిల్ పతకం వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ఐరోపాలోనూ అమెరికాలోనూ తయారైన బుఫేల్లో చచ్చిన లేళ్లూ, చేపలూ, పిట్టలూ వేలాడాయంటే మూలం చాలావరకు ఇదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆసియా టీ తేవడం, ఆఫ్రికా కాఫీ తేవడం, అమెరికా చెరకు తేవడం చూడటానికి ముచ్చటగా ఉంది. ఫ్రాన్సు తన వలసల్లో బానిసత్వాన్ని చివరికి రద్దు చేసింది 1848లో, ఈ బల్లకు మూడేళ్ల ముందు. చెరకు ఎవరు నరికారో, కాఫీ గింజ ఎవరు కోశారో ఈ నలుగురు స్త్రీల ముఖాల్లో కనిపించదు. మహాగని కర్ర కథ కూడా అలాంటిదే. పనితనాన్ని మెచ్చుకుంటూనే ఇది చూడాలి, దాటవేయకూడదు.

సరే, ఇప్పుడు చెక్కడం దగ్గరికి. మీలో ఉలి పట్టేవాళ్లు ఉన్నారని తెలుసు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

పని ఇలా సాగేది. చిత్రకారుడు అసలు కొలతతో బొమ్మ గీస్తాడు. నమూనా శిల్పి దాన్ని మట్టిలో చేసి ప్లాస్టర్‌లో పోస్తాడు. వడ్రంగి బీరువా ఒళ్లు కట్టి, నగిషీ రావలసిన చోట దళసరి కర్ర వదిలి, విడదీసి చెక్కేవాడికిస్తాడు. చెక్కేవాళ్లలో మళ్లీ రెండు రకాలు. ఆకులు, తీగలు, అంచులు చెక్కేవాడు ఓర్నమానిస్ట్. మనుషులను, జంతువులను చెక్కేవాడు ఫిగురిస్ట్, ఇతనిది పై మెట్టు. ఒక తలుపు మీద తీగ ఒకరిది, ఆ తీగ మధ్య పాపాయి ఇంకొకరిది కావచ్చు.

వాల్‌నట్‌ను ఎందుకు ఎంచుకున్నారంటే, దాని పీచు సన్నం. అడ్డంగా కోసినా, ఏటవాలుగా కోసినా పెచ్చు లేవదు. ఓక్ కర్రకు రంధ్రాలు పెద్దవి, ముక్కు కొనలాంటి సన్నపని అందులో నిలవదు. ఇంకా సన్నపని కావాలంటే పియర్ చెట్టు కర్ర. దానికి పీచు ఉందా లేదా అన్నట్టు ఉంటుంది, నల్లరంగు పట్టిస్తే ఎబొనీ అనుకుంటారు. అసలు ఎబొనీ రాయిలాంటిది, ఉలి అంచు గంటకోసారి పోతుంది. మన అడవుల్లో బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు ఈ ఎబొనీ జాతిదే, నడిమి చేవ నల్లగా ఉంటుంది.

ఇప్పుడీ ఆకు చూడండి, పెద్దది చేసి పెట్టాను. అకాంథస్ ఆకు, గ్రీకు, రోమన్ కాలం నుంచి వస్తున్న అలంకారపు ఆకు, ఫ్రెంచివాళ్ల నగిషీలో ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. ముందు ఆకు చుట్టూ నిలువుగా ఉలి దించి హద్దు కోస్తారు. హద్దు బయటి కర్ర తీసేసి నేల దించుతారు. అప్పుడు ఆకు ఒక దిబ్బలా మిగులుతుంది. ఆ దిబ్బలో ఎత్తుపల్లాలు తీస్తారు, ఈనెలు ఇంకా లేవు. ఇక్కడే పనివాడి తెలివి తెలుస్తుంది. ఆకు ఒంపు తిరిగిన చోట కర్ర పీచు వాలు మారుతుంది. అప్పటిదాకా కుడి నుంచి కోసిన ఉలి అక్కడ ఆగి, ఎడమ నుంచి రావాలి. రాకపోతే కొన ఎగిరిపోతుంది. ఈ కొన దగ్గర చూడండి, రెండు కోతలు ఎదురెదురుగా వచ్చి సన్నటి గీత దగ్గర కలిశాయి. ఆ గీత వెంట్రుకంత ఉంది. తర్వాత ఆకు అంచు కింద నుంచి కర్ర తొలుస్తారు, అందువల్ల అంచు నేల నుంచి లేచినట్టుండి కింద నీడ పడుతుంది. చివరగా ఈనెలు, ఒక్కొక్కటి ఒక్క కోతతో. మధ్యలో ఆపితే అతుకు కనిపిస్తుంది.

మంచి పనివాడు దీని మీద గరుకు కాగితం పెట్టడు. ఉలి వదిలిన పలకలు అలాగే ఉంచుతాడు. వాటి మీద వెలుగు విరిగి ఆకు బతికున్నట్టు ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దిన నగిషీ నున్నగా ఉంటుంది, సబ్బు బిళ్ల మీద బొమ్మలాగా వాడిపోయి ఉంటుంది. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

మెరుగు సంగతి కూడా చెప్పి తీరాలి, అందులో మన వాటా ఉంది. మనం ఇప్పటికీ ఫ్రెంచి పాలిష్ అంటామే, ఆ పద్ధతి 19వ శతాబ్దం మొదట్లో పారిస్‌లో నిలదొక్కుకుంది. లక్కను స్పిరిటులో కరిగించి, గుడ్డ ఉండతో గుండ్రంగా తిప్పుతూ పల్చగా పొర మీద పొర ఎక్కించడం. ఆ లక్క మన దేశపు తూర్పు అడవుల్లో మోదుగ, కుసుమ చెట్ల మీద లక్క పురుగు పెట్టేది. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ ఆ లక్కే. కలకత్తా రేవు నుంచి ఓడలెక్కి వెళ్లేది. నున్నటి మహాగని పలక మీద ఇది అద్దంలా వస్తుంది. లోతుగా చెక్కిన నగిషీలోకి మాత్రం గుడ్డ ఉండ దూరదు. అందుకే చెక్కిన వాల్‌నట్‌కు చాలాచోట్ల మైనం పట్టించి బ్రష్షుతో మెరుగు పెట్టారు. ఈనాడు కొందరు వ్యాపారులు పాత నగిషీ మీద దట్టంగా వార్నిష్ పోసి అమ్ముతున్నారు. ఆకు కింద నీడంతా పూడుకుపోతుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

ఇప్పుడు 1867. పారిస్ ప్రదర్శన. అలెగ్జాండ్ర్-జార్జ్ కొడుకు ఆంరి-ఓగ్యుస్త్ ఫుర్దినువా ఒక బీరువా పెట్టాడు. తండ్రి వాల్‌నట్‌తో చేసిన దాన్ని దాటి కొడుకు వేసిన అడుగు ఇది. సమస్య ఏమిటంటే, నగిషీకి రంగు లేదు. చెక్కితే లోతూ నీడా వస్తాయి గానీ కర్ర అంతా ఒకే రంగు. పొర అతుకులతో రంగులు వస్తాయి గానీ పొర మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు, చెక్కితే తూట్లు పడతాయి. రెండూ ఒకేచోట కావాలంటే ఎలా?

ఆయన పనిచోట కనుక్కున్న దారి ఇది. ఎబొనీ పలకలో ఆకు ఆకారం కోసేస్తారు, పలక మందమంతా, అటు నుంచి ఇటు దాకా. సరిగ్గా ఆ ఆకారానికే ఇంకో రంగు కర్ర ముక్క అంతే మందంగా కోసి, ఆ గూట్లో దించి బిగిస్తారు. ఇలా ఒక పలకలో బాక్స్‌వుడ్, పియర్, లైమ్, వాల్‌నట్, మహాగని, ఎన్నో రంగులు. వెనక నుంచి చూసినా అదే బొమ్మ కనిపిస్తుంది. అప్పుడు ముందు నుంచి చెక్కుతారు. ఎంత లోతు చెక్కినా రంగు తరగదు. మన గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును మగ్గం మీదే పోగుకు పోగు మెలేసి కుప్పడం నేత నేస్తారు కదా, పైన కుట్టిన అంచుకూ దానికీ ఎంత తేడా ఉందో, మామూలు పొర అతుకుకూ దీనికీ అంత తేడా ఉంది.

ఇందులోని కష్టం కాసేపు ఊహించండి. ఒక్కో కర్ర ఒక్కో తీరున ఉబ్బుతుంది, ఒక్కో తీరున ముడుచుకుంటుంది. ఎబొనీ ఇనుములాంటిది, లైమ్ మెత్తనిది. ఒకే ఉలి ఎబొనీ నుంచి లైమ్‌లోకి దాటుతుంటే చెయ్యి బరువు ఆ క్షణంలోనే మార్చాలి, లేదా లోపలికి దిగబడుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు కర్రల మధ్య గీత మాత్రం కదలకూడదు. ఆ బీరువాకు ఆ ఏడు మహా బహుమతి వచ్చింది. లండన్‌లోని సౌత్ కెన్సింగ్‌టన్ మ్యూజియం, ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్, దాన్ని 2,750 పౌండ్లకు కొన్నది. ఆ రోజుల్లో కొత్తగా చేసిన ఫర్నిచర్‌కు మ్యూజియం అంత డబ్బు పెట్టడం సాహసమే. ఇప్పటికీ అక్కడే ఉంది.

నకలు అన్న మాట ఈ బీరువా ముందు నిలవదని నా నమ్మకం. ఆకారం 16వ శతాబ్దానిదే. ఆ ఒంటి మీద జరిగిన పని మాత్రం 16వ శతాబ్దంలో ఎవరూ చేసింది కాదు.

అదే ప్రదర్శనలో దియెల్ అనే ఇంకో పెద్ద దుకాణంవాడు పతకాలు దాచుకునే బీరువా పెట్టాడు. జర్మనీ నుంచి వచ్చి పారిస్‌లో స్థిరపడ్డవాడు. 451లో హూణులతో జరిగిన యుద్ధంలో గెలిచిన ఫ్రాంకుల రాజు మెరోవె ఎడ్లరథం మీద వస్తుంటాడు, తలుపు నిండా అదే. పారిస్‌లోని ఆర్సే మ్యూజియంలో ఉంది. శిల్పి ఫ్రెమియె గొప్పవాడు, బొమ్మ భయంకరంగా బాగుంటుంది. కానీ అది వెండి పూత కంచు, కర్ర మీద తగిలించిన కంచు. కర్ర చేయవలసిన పని లోహం చేసింది. నాకు అది మనసుకు ఎక్కదు.

ఇక పేర్ల సంగతి. 1791లో ముద్ర కూడా పోయింది, కానీ దుకాణం పేరు మిగిలింది. ఫుర్దినువా, గ్రోయె, బ్యుర్దెలే, దాసోం. ఈ పేర్లు ఉన్నవాళ్లు మహా పనివాళ్లే, కాదనను. వాళ్ల కింద చేసినవాళ్ల పేర్లు మాత్రం రాలేదు. 1855 పారిస్ ప్రదర్శన నుంచి ఒక మంచి పని మొదలైంది. యజమానులతో పాటు వాళ్ల దగ్గర పనిచేసిన చిత్రకారులకు, మేస్త్రీలకు, చెక్కేవాళ్లకు కూడా సహకారుల పేరిట పతకాలిచ్చారు. కొన్ని పేర్లు మనకు తెలిసింది ఆ జాబితాల వల్లే.

అది దయతో ఇచ్చిందని నేననుకోను. ఫోబూర్ ఎలాంటి చోటో ప్రభుత్వానికి తెలుసు. 1848 జూన్‌లో, ప్రభుత్వం నిరుద్యోగులకు పెట్టిన పనిశాలలు మూసేస్తామనేసరికి, పారిస్ తూర్పు వీధులు లేచాయి. చివరిదాకా నిలబడిన అడ్డుగోడలు ఫోబూర్ సెంట్-ఆంత్వాన్‌వే. మధ్యవర్తిగా వచ్చిన ఆర్చిబిషప్ అక్కడే తూటా తగిలి చనిపోయాడు. చేతిలో ఉలి ఉన్నవాళ్లే ఆ గోడల వెనక ఉన్నారు.

1862లో లండన్‌లో మరో ప్రదర్శన జరిగితే, పారిస్ పనివాళ్లు తమలోంచి ఎన్నుకున్న ప్రతినిధులను పంపారు, ప్రభుత్వమే ఖర్చు భరించింది. వాళ్లు ఫర్నిచర్ చూశారు, దానితో పాటు ఇంగ్లండు కార్మికుల సంఘాలూ కూలి రేట్లూ చూశారు. తిరిగొచ్చి నివేదికలు రాశారు. ఆ ప్రతినిధుల్లో తొలెన్ అనే ఆయన కంచుకు నగిషీ పెట్టే పనివాడు. 1864లో లండన్‌లో అంతర్జాతీయ కార్మిక సంఘం పెట్టినప్పుడు ఆయన ముందు వరసలో ఉన్నాడు. అదే ఏడాది ఫ్రాన్సులో సమ్మె నేరం కాదని చట్టం వచ్చింది. 1791 రెండో చట్టానికి మొదటి పగులు అలా పడింది. 1867లో కూడా ప్రతినిధులను ఎన్నుకున్నారు, వృత్తివారీగా నివేదికలు అచ్చయ్యాయి. ఫర్నిచర్ చరిత్ర చదివే విద్యార్థులు దుకాణాల క్యాటలాగుల కంటే ముందు వాటిని చదవాలి.

పెద్ద దుకాణంలో చోటు లేని చిన్నవాళ్ల బతుకు ఇంకో రకం. ఇంట్లోనే ఒక బీరువా చేస్తారు. శనివారం నాడు దాన్ని బండి మీదో వీపు మీదో పెట్టుకుని ఫోబూర్ వీధిలో దుకాణం దుకాణం తిరుగుతారు. దీన్ని త్రోల్ అనేవాళ్లు. సాయంత్రానికి అమ్ముడుపోకపోతే ఇంటద్దె లేదు, వచ్చేవారానికి కర్ర లేదు. ఆ సంగతి దుకాణదారుకూ తెలుసు. పొద్దుగూకే కొద్దీ ధర పడిపోతుంది. అలా కొన్న బీరువా మీద సోమవారం దుకాణం పేరు ఎక్కేది.

యంత్రం రానే వచ్చింది. ఆవిరి రంపాలు చెక్క పొరలను కాగితంలా కోశాయి. ఇంగ్లండులో జోర్డాన్ అనే ఆయన 1845లో చెక్కే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు, లండన్ పార్లమెంటు భవనపు నగిషీకి దాన్ని వాడారు. ఫ్రాన్సులోనూ అలాంటివి వచ్చాయి. శతాబ్దం చివరికి రెండో ఆంరి రాజు పేరు పెట్టుకున్న బుఫే లేని గుమాస్తా ఇల్లు లేదు. తిరుగుడు స్తంభాలు, యంత్రంతో తీసి జిగురుతో అతికించిన సింహముఖాలు. ఇవి నాసిరకమే, వాటిని నేను వెనకేసుకు రాను. విమర్శకులు నకలు అన్నప్పుడు వాళ్ల కళ్ల ముందున్నది ఎక్కువగా ఇవే. వీటి పాపం ఫుర్దినువా బీరువా చెక్కిన చేతికి అంటగట్టడమే అన్యాయం.

ఫుర్దినువా పనిచోటు 1887లో మూతపడింది. అంత ఖర్చుతో చేసేది కొనేవాళ్లు తగ్గారు. పోటీలో గెలిచింది 18వ శతాబ్దపు రాజుల ఫర్నిచర్‌కు కంచు తొడుగులతో చేసిన కొత్త ప్రతులు. దాసోం, బ్యుర్దెలే, తర్వాత బొహీమియా నుంచి 1875లో వచ్చిన లింకె. 1900 ప్రదర్శనలో లింకెకు బంగారు పతకం వచ్చింది. అద్భుతమైన కంచుపని. కర్ర మాత్రం మళ్లీ కంచుకు పీటగా మారింది.

కర్ర తిరిగి మాట్లాడింది పారిస్‌లో కాదు, తూర్పున నాన్సీ ఊళ్లో. గాజుపనిలో పేరు మోసిన ఎమిల్ గాలె 1885లో కర్రపని మొదలుపెట్టాడు. ఆయనకు వృక్షశాస్త్రం ప్రాణం. గ్రీకు ఆకు, రోమన్ ఆకు వదిలేసి తన తోటలో మొక్క చూసి చెక్కమన్నాడు. ఆయన పనిశాల ఓక్ తలుపుల మీద చెక్కించిన మాట: నా వేరు అడవుల అట్టడుగున ఉంది. 1904లో, ఆయన పోయిన ఏడాదే, తూనీగల అల్మరా ఒకటి పూర్తయింది. ఆర్సేలో చూడొచ్చు. గాజు పెట్టె బరువును మోస్తున్నవి పెద్ద తూనీగలు. రెక్కలు పైకి ముడిచి, ఒళ్లు కిందికి వంగి కాలుగా మారింది. ఒంటి మీద కణుపు కణుపుకూ ఉలి కోత మారుతుంది. తూనీగ ఒళ్లు ఎక్కడ ఆగి బల్ల కాలు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. అదే ఊళ్లో మజొరెల్ అనే ఇంకో ఫర్నిచర్ మేస్త్రీ యంత్రాలు పెట్టి ముతకపని వాటితో, ముగింపు చేత్తో చేయించాడు. అది తెలివైన దారి అంటాను నేను, అందులో తప్పులేదు.

ఈ విద్య పోకూడదని పారిస్ నగరం 1886లో ఒక బడి పెట్టింది. 17వ శతాబ్దపు మహా మేస్త్రీ ఆంద్రె-షార్ల్ బూల్ పేరున్న ఎకోల్ బూల్. ఫోబూర్‌కు దగ్గర్లోనే. ఇప్పటికీ అక్కడ పదిహేనూ పదహారేళ్ల పిల్లలు చెక్కడం, పొర అతుకు, కంచు నగిషీ నేర్చుకుంటారు. మన దగ్గర ఉలి పట్టిన ఇళ్లల్లో పిల్లలు ఆ పని వదిలేస్తుంటే మనం చప్పట్లు కొట్టి ఉద్యోగం వచ్చిందంటున్నాం. ఉద్యోగం రావడం మంచిదే. పనికి బడి లేకపోవడం మాత్రం మంచిది కాదు, ఇది గట్టిగానే చెబుతున్నాను.

చివరగా ఒక పని. యంత్రం చెక్కినదీ చెయ్యి చెక్కినదీ ఎలా గుర్తుపట్టాలని మొన్న ఒకరిద్దరు అడిగారు. యంత్రపు కత్తి గిర్రున తిరుగుతుంది కాబట్టి లోతు అడుగున అన్నిచోట్లా ఒకే గుండ్రం ఉంటుంది, ఇరుకు మూలల్లోకి పదునుగా దిగదు. ఎడమవైపు ఆకూ కుడివైపు ఆకూ కొలిచినట్టు ఒకటే ఉంటాయి. చేతిపనిలో రెండు ఆకులకూ ఎక్కడో ఒకచోట తేడా ఉంటుంది, ఆకు అంచు కింద వేలు పెడితే తొలిచిన గుంత తగులుతుంది. వస్తువు వెనక్కి తిప్పండి, సొరుగు బయటికి లాగండి, అతికించిన నగిషీ అయితే అంచున జిగురు గీత దొరుకుతుంది. ఈ పక్కన బల్ల మీద మూడు వాల్‌నట్ పలకలు పెట్టాను. ఒకటి యంత్రంతో చేసింది, ఒకటి పూర్తిగా చేత్తో చెక్కింది, ఒకటి యంత్రంతో మొదలుపెట్టి చేత్తో ముగించింది. ఏది ఏదో రాసి పెట్టలేదు. పది నిమిషాలు తీసుకుని ముట్టుకుని చూడండి, తర్వాత ప్రశ్నలకు కూర్చుందాం.